మా ఆవిడ అధికారికంగా చుట్ట మానేసిన వైనం

మా ఆవిడ పైడమ్మ చుట్ట మానెయ్యడానికి పట్టిన సమయం, నోట్లోంచి దాన్ని తీసి మురిక్కాలవలో పారెయ్యడానికి పట్టినంత. ఆ సంగతి ఆసుపత్రి వాళ్ళు ఒప్పుకోడానికి మాత్రం ఏడాది దగ్గర పట్టింది. ఈ మధ్యలో మానేసిన మనిషి మళ్ళీ చుట్ట కాల్చవలసి వచ్చింది, ముట్టని నేను ముసలితనంలో కొత్త వ్యసనం నేర్చుకోవలసి వచ్చింది. ఇదంతా పొగాకు నిర్మూలన కార్యక్రమం కిందే జరిగింది కాబట్టి ఎవర్నీ తప్పు పట్టడానికి లేదు. నేను పట్టడం లేదు కూడా. జూటు మిల్లులో టైమ్‌కీపరుగా చేసి రిటైరయినవాణ్ణి. సైరను కూశాక గేటు దగ్గరికొచ్చిన సొంత బావమరిదికే సగం పూట గైర్హాజరు వేసినవాణ్ణి. నియమమంటే నాకు గౌరవం.

పైడమ్మ భారీ మనిషి. ముగ్గురు పిల్లలు, సుగరు, మోకాళ్ళ నొప్పులు అన్నీ ఒక్కో చెయ్యీ వేసి ఆవిణ్ణి మా ఇంటి గుమ్మానికి సరిగ్గా సరిపోయే మనిషిని చేశాయి. దానికి ఆవిడా బాధపడలేదు, నేనూ బాధపడలేదు. బాధల్లా పడక దగ్గర. వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆగిపోయేది. పక్కకి తిరిగినా అంతే. రెండేళ్ళుగా కుర్చీలో కూర్చునే నిద్ర. తల ఒకవైపు వాలిపోయి, ఉలిక్కిపడి లేచి, మళ్ళీ వాలిపోయి, అదీ నిద్ర. పక్కనే మంచం మీద కాళ్ళు చాపుకుని పడుకోడానికి నాకు సిగ్గేసేది.

“ఏటండీ, నాకు సన్నబడిపోవాలని ఏటీ లేదు,” అనేది. “ఒక్కసారి నడుం వాల్చాలని ఉంది. అంతే.”

అలా వెళ్ళాం సర్వశుభ స్థూలకాయ చికిత్సాలయానికి. ట్రస్టు ఆసుపత్రి, నాలుగంతస్తులు, గుమ్మంలో అడుగుపెడితే చందనం వాసన. సర్జను చక్రధర్ గారు కుర్రవాడు, మర్యాదస్తుడు. పొట్ట సంచీని చిన్నది చేస్తామనీ, బరువు తగ్గితే గొంతు దగ్గర ఒత్తిడి తగ్గి ఊపిరి ఆడుతుందనీ, అప్పుడు హాయిగా పడుకోవచ్చనీ బొమ్మ గీసి చెప్పాడు.

“ఒక్కటే షరతమ్మా. పొగాకు అలవాటుందా?”

పైడమ్మ రొంటిన దోపుకున్న చుట్ట తీసి బల్ల మీద పెట్టింది.

“నికోటిన్ ఉంటే లోపలి కుట్లు మానవు. మత్తిచ్చినప్పుడు ఊపిరితిత్తులూ ఇబ్బంది పెడతాయి. ఆరువారాలు ఒంట్లో నికోటిన్ సున్నా ఉండాలి. అప్పుడు రక్తం పరీక్ష చేసి తేదీ ఇస్తాను.”

సబబైన మాట. ఇప్పటికీ ఆ మాటలో నాకు తప్పేమీ కనబడదు. పైడమ్మ బయటికొచ్చి, చివరిసారిగా ఓ చుట్ట ముట్టించి, రెండు దమ్ములు లాగి, తీసి కాలవలో పడేసింది. “పదండి. మానీసినాను,” అంది.

మొదటి వారం మా ఇంట్లో పిల్లి కూడా ఆవిడ ఎదటికి రాలేదు. ఉప్పు ఎక్కువైందంటే ఉప్పు డబ్బా నా మీదికొచ్చింది. సోంపు నమిలింది, కరక్కాయ చప్పరించింది, చింతగింజలు వేయించుకుని బుగ్గన పెట్టుకుంది. ఒకరోజు వంటింట్లో కూర్చుని కళ్ళు తుడుచుకుంటోంది. ఏమైందే అంటే, “యాభై ఏళ్ళ సావాసం కదండీ, అందుకు,” అంది. మా అమ్మ పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. అయినా ముట్టుకోలేదు. ఆరువారాలు గడిచాయి. రక్తంలో సున్నా వచ్చింది.

చక్రధర్ గారు చెయ్యి పట్టుకుని ఊపేశాడు. “భేష్ అమ్మా! ఇక రెండో అంతస్తులో పొగాకు విముక్తి విభాగం ఉంది. వాళ్ళ దగ్గర విరమణ ధ్రువపత్రం తెచ్చేసుకోండి. తేదీ ఇచ్చేస్తాను.”

ఆ విభాగాధిపతి డాక్టర్ త్రిలోచనరావు గారు. వెనక గోడమీద నల్లబడిన ఊపిరితిత్తుల బొమ్మ, ముందు బల్లమీద ఆయన అందుకున్న జ్ఞాపికలు. మాట్లాడితే ప్రారంభోత్సవంలో మాట్లాడినట్టుండేది.

“సంతోషం. తమరు ఎవరి పర్యవేక్షణలో విరమించారు?”

“ఎవలూ లేరు బాబూ. నానే మానీసినాను.”

ఆయన కళ్ళజోడు తీశారు. “అనగా అనధికార విరమణ.”

“మానీడానికి అధికారం ఏటి బాబూ?”

“అమ్మా, మా విభాగం ద్వారా విరమించినవారు మా గణాంకములలో ఉంటారు. స్వయముగా విరమించినవారు మా గణాంకములలో ఎక్కడా లేరు. లేనివారికి ధ్రువపత్రం ఎట్లా ఇవ్వగలం?”

నేను రక్తపరీక్ష కాయితం తీసి చూపించాను. సున్నా అని ఎర్రసిరాతో గీత కూడా గీసి ఉంది. ఆయన దాన్ని చూసి నా వంక జాలిగా చూశారు.

“సింహాచలం గారూ, సున్నా అన్నది ఇద్దరికి వస్తుంది. మానినవారికి, అసలు ముట్టనివారికి. ఈవిడ ముట్టనివారు కారని ఏమిటి నమ్మకం? ముట్టనివారికి మేము విరమణ పత్రం ఇచ్చామని రేపు ఎవరైనా అంటే మా విభాగం పరువేం కావాలి? కనుక ముందు పూర్వ ధూమపాన స్థితి నిర్ధారణ జరగవలెను.”

“ఊరంతా సాక్ష్యం చెబుతారండీ!” అన్నాను.

“సాక్ష్యం వేరు, నిర్ధారణ వేరు,” అని ఆయన కంప్యూటరు వైపు తిరిగారు. సిగరెట్టా, బీడీయా, చుట్టా అని అడిగారు. చుట్ట అన్నాం. రోజుకెన్ని అన్నారు. చెప్పాం. నోట్లో ఎంతసేపు ఉంచుకుంటారు అన్నారు. అక్కడొచ్చింది పేచీ.

“అడ్డచుట్ట కదా బాబూ, ఆరిపోయిందాకా ఉంటది,” అంది పైడమ్మ.

“అడ్డచుట్టయనగా?”

“నిప్పు లోపలికెట్టుకుని తాగతాం కదా, అది.”

త్రిలోచనరావు గారి వేళ్ళు మీటల మీద ఆగిపోయాయి. పాపం, ఆయనది మా వైపు కాదు. మా తీరంలో ఆడవాళ్ళు నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని పెదవులు మూసేస్తారు. సముద్రం గాలికి నిప్పారదు, నాటు వేస్తున్నా వల అల్లుతున్నా చేతులు ఖాళీగా ఉంటాయి, బుగ్గలోంచి కబుర్లు కూడా సాగుతాయి. పైడమ్మకి వాళ్ళ అమ్మమ్మ నేర్పింది. ఇదంతా నేను వివరించేసరికి ఆయన ముఖం పాలిపోయింది. లేచి బీరువాలోంచి నిబంధనావళి తీసి, వేలు పెట్టి చదివారు.

“‘ధూమపానము అనగా, నిప్పు గల కొన నోటికి వెలుపల ఉండగా, రెండవ కొన ద్వారా పొగను పీల్చుట.’ అమ్మా, ఈ నిర్వచనం ప్రకారం తమరు జీవితంలో ఎన్నడూ ధూమపానం చేయలేదు.”

“మరింకేటి? పత్రం అక్కర్లేదు కదా!” అని పైడమ్మ లేవబోయింది.

“కూర్చోండమ్మా. చెయ్యకపోతే విరమించడం కుదరదు. విరమించకపోతే పత్రం కుదరదు. పత్రం లేకపోతే శస్త్రచికిత్స కుదరదు. విషయం సున్నితమైనది. నిపుణుల సంఘం వెయ్యాలి.”

సంఘం వేశారు. అయిదుగురు నిపుణులు, పెద్ద హాలు, నీళ్ళసీసాలు. మా ఆవిణ్ణి మధ్యలో కూర్చోబెట్టారు. నర్సమ్మ చేతులకి తొడుగులేసుకుని స్టీలు ట్రేలో ఒక చుట్ట, ఒక అగ్గిపెట్టె తెచ్చింది. ఆసుపత్రి ఆవరణలో పొగతాగడం నిషేధం కాబట్టి ఆ ఒక్క చుట్టకీ ప్రత్యేక అనుమతి తీసుకున్నారు. ఆ అనుమతిలో రాసినట్టే మంటలార్పే ఎర్రసిలిండరు పట్టుకుని ఒక సెక్యూరిటీ ఆయన పైడమ్మ పక్కన నిలబడ్డాడు.

“కాల్చి చూపించండమ్మా.”

“మానీసినాను కదా బాబూ.”

“తమరు మానేశారని నిర్ధారించడానికేనమ్మా!”

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. ఇక్కడ కడుక్కున్న కాలు చూసి, మళ్ళీ తొక్కితే గానీ కడిగినట్టు ఒప్పుకోమంటున్నారు. పైడమ్మ నా వంక చూసింది. నేను చక్రధర్ గారు గీసిన బొమ్మ తలుచుకుని, పోనీలే కానియ్యమన్నట్టు తలూపాను.

ఆవిడ చుట్ట వెలిగించింది. రెండుసార్లు ఊదింది. తిప్పింది. నిప్పు నోట్లోకి వెళ్ళిపోయింది.

నిపుణుల్లో ఒకాయన లేచి నిలబడ్డాడు. ఒకావిడ ‘అయ్యో’ అని కళ్ళు మూసుకుంది. సెక్యూరిటీ ఆయన తనకిచ్చిన ఆదేశం ప్రకారం పిన్ను లాగబోతే నేను చెయ్యి పట్టుకున్నాను. లేకపోతే మా ఆవిడ మొహం నిండా నురగే. పైడమ్మ మాత్రం కళ్ళు అరమోడ్చి, చుట్టాలింట్లో కూర్చున్నంత నిదానంగా పొగ లాగుతోంది.

తరవాత చర్చ. దీన్ని పొగతాగడం కింద తీసుకోవాలా, నిప్పు నమలడం కింద తీసుకోవాలా? నిప్పు నమలడమైతే నోటి వైద్యుల పరిధి. పొగ బయటికి రావడం లేదు కాబట్టి పక్కవాళ్ళకి హాని లేదు, ఆ లెక్కన ఆవిణ్ణి ఆదర్శ ధూమపాయిగా గుర్తించవచ్చా? ఒకాయన దీన్ని విదేశీ సదస్సులో సమర్పిస్తానన్నాడు. పైడమ్మ ఒకటి అయిపోగొట్టి, ఇంకోటుందా అన్నట్టు ట్రే వైపు చూసింది. చివరికి ఆవిడ నిస్సందేహంగా ధూమపాయి అని ఏకగ్రీవంగా తీర్మానించి, చప్పట్లు కొట్టి, అభినందించారు.

వారం తిరక్కుండా మళ్ళీ పిలిచారు. సంతకాలు పెట్టవలసిన సభ్యుల్లో ఒకాయన ఆ రోజు సెలవులో ఉన్నాడట. చూడనిదే సంతకం పెట్టనన్నాడట, నిజాయితీపరుడు. ఆయన కోసం మళ్ళీ ట్రే, మళ్ళీ సిలిండరు.

ఆ రెండోసారి బయటికొచ్చాక పైడమ్మ మెట్లమీద కూలబడింది. “ఏటండీ, బాగుంది,” అంది. “అదే బయ్యమేస్తంది. నాను మళ్ళీ మొదట్నుంచి ఏడవాలా?”

నాకు ఒళ్ళు మండిపోయింది. పైకెళ్ళి ఆ నిబంధనావళిని ఆ ట్రేలోనే పెట్టి అగ్గిపుల్ల గీద్దామనిపించింది. కానీ రాత్రయితే ఆవిడ మళ్ళీ కుర్చీలోనే కూర్చోవాలి. నోరు మూసుకుని ఆటో పిలిచాను.

ఇప్పుడు పైడమ్మ అధికారికంగా ధూమపాయి. ఇక అధికారికంగా మానడమే తరువాయి. త్రిలోచనరావు గారు స్వయంగా గమ్ము పెట్టెలు అందించారు. “ఇది నికోటిన్ గమ్ము. పొగాకు మీద యావ పుట్టినప్పుడు నమలాలి. నెమ్మదిగా తగ్గించుకుంటూ రావాలి. శాస్త్రీయ విరమణ అనగా ఇదే.”

మంచిదని తీసుకుని నాలుగో అంతస్తుకి వెళ్ళి చక్రధర్ గారికి చూపించాను. ఆయన కుర్చీలోంచి లేచాడు.

“గమ్ములోనూ నికోటినే కదండీ! పొగ లేకపోవచ్చు, పరీక్షలో మాత్రం తెలిసిపోతుంది. నాకు సున్నా కావాలి. ఇది నమిలితే సున్నా ఎలా వస్తుంది?”

రెండో అంతస్తుకి దిగాను. “గమ్ము లేకుండా మానతామండీ,” అన్నాను.

“గమ్ము లేని విరమణ మా నిబంధనావళిలో లేదు.”

నాలుగో అంతస్తుకి ఎక్కాను. “గమ్ముతో మానాలటండీ.”

“గమ్ముంటే ఆపరేషన్ లేదండీ.”

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. వాళ్ళిద్దర్నీ ఒకసారి మాట్లాడుకోమన్నాను. ఇద్దరూ ఒకే మాటన్నారు, “అది వేరే విభాగమండీ.” ఒకాయన మెట్లు దిగడు, ఇంకొకాయన మెట్లు ఎక్కడు. మధ్యలో అరిగింది నా మోకాళ్ళు.

“పుచ్చుకుని పారేసీండి,” అంది పైడమ్మ ఇంటికొచ్చాక. మొదట్లో అలాగే చేశాను. కానీ త్రిలోచనరావు గారు అంత తేలిగ్గా మోసపోయే మనిషి కాదు. ఖాళీ రేకులతో బాటు నమిలిన గమ్ము కూడా డబ్బాలో వేసి తెచ్చి చూపించాలన్నారు. పంటిగాట్లు పడాలి, సారం దిగాలి. ఇదివరకు కొందరు రోగులు వేలితో నొక్కేసి తెచ్చారట. ఈయన కనిపెట్టేశారట.

ఇంట్లో పళ్ళున్నవాళ్ళం ఇద్దరమే. ఆవిడ నమిలితే సున్నా పోతుంది. కాబట్టి నేను నమిలాను.

మిరియాలూ సున్నం కలిపి నమిలినట్టుంది. మొదటిరోజు ఎక్కిళ్ళు, రెండోరోజు తల తిరుగుడు. జన్మలో బీడీముక్క అంటించి ఎరగనివాణ్ణి, డ్యూటీ అనుకుని దవడలు నొప్పెట్టేదాకా నమిలాను. ప్రతి వారం త్రిలోచనరావు గారు డబ్బా మూత తీసి, కళ్ళద్దాలు సర్దుకుని చూసి, “పైడమ్మ గారి నమలడంలో చక్కటి పురోగతి కనబడుతున్నది,” అనేవారు. పైడమ్మ వినయంగా తల దించుకునేది, నవ్వాపుకోలేక.

ఎప్పట్నుంచో చెప్పలేను గానీ, కొన్నాళ్ళకి నాకు ఆ వేళకి గమ్ము పడకపోతే చిరాకెత్తడం మొదలైంది. పేపరు చదవబుద్ధెయ్యదు. పక్కింటివాళ్ళ మిక్సీ చప్పుడుకి తిట్లొచ్చేవి. పెరట్లోకెళ్ళి ఒకటి బుగ్గన పెట్టుకుంటే లోకం మళ్ళీ సర్దుకునేది. పైడమ్మ కనిపెట్టేసింది.

“ఏటండీ, వారానికి సరిపడా ఇచ్చిన గమ్ము మూడ్రోజులకే అయిపోనాదేటి?”

“పంటిగాట్లు బాగా పడాలని...” అన్నాను.

“కొండనాలిక్కి మందేస్తే ఉన్న నాలిక ఊడిపోనాది,” అని నెత్తి కొట్టుకుంది. “నాను ఇప్పుడు మిమ్మల్ని మానిపించాలి కావాల.”

ఎలాగైతేనేం గడువు పూర్తయింది. బొగ్గుల కుంపట్లా రగిలిపోతూ ఆవిడ రెండోసారి కూడా మొదటిసారిలాగే వట్టినే మానేసింది. విరమణ ధ్రువపత్రం వచ్చింది, చట్రం కట్టి మరీ ఇచ్చారు. రక్తపరీక్ష సున్నా. చక్రధర్ గారు తేదీ ఇచ్చాడు. ఆ రోజు పైడమ్మ మంచం దులిపి కొత్త దుప్పటి పరిచింది. ఎవరూ పడుకోకూడదని నాకు చాప వేసింది.

తెల్లారి ఆసుపత్రికెళ్ళేసరికి గుమ్మానికి మామిడాకులు, లోపల పెద్ద అక్షరాల గుడ్డ. ‘నేటినుండి మన థియేటరు సంపూర్ణ నికోటిన్ రహితం.’ ఏదో జాతీయ గుర్తింపు కోసం దరఖాస్తు పెట్టారట. నాణ్యతా పర్యవేక్షణాధికారిణి హైమవతి గారని కొత్తగా వచ్చారు. పైడమ్మకి ఆకుపచ్చ గౌను తొడిగి చక్రాల కుర్చీలో కూర్చోబెట్టాక, ఆవిడ నా దగ్గరికొచ్చారు.

“రోగికి తోడుండేవారు కూడా సున్నా అయివుండాలండీ. ఉమ్ము పరీక్ష, అయిదు నిమిషాలు.”

అయిదు నిమిషాల్లో ఆవిడ ముఖం మారిపోయింది. “సింహాచలం గారూ, మీలో చాలా ఎక్కువగా ఉందే! పొగ తాగుతారా?”

“జన్మలో లేదండీ. మీ గమ్మే.”

“గమ్ము పొగతాగేవారికే ఇస్తామండీ.”

“నేను పొగ తాగను.”

“అయితే మీకు గమ్ము ఇచ్చి ఉండరండీ.”

నాకింక ఆగలేదు. ఏడాది దిగమింగిన కోపమంతా ఒక్కసారి ఎగదన్నుకొచ్చింది. “ఏమమ్మా, నన్ను కాదు, లోపలికెళ్ళి కోసేవాళ్ళని పరీక్షించు! వాళ్ళ చేతులు కదా ఆవిడ పొట్టలో పెట్టేది, నావి కాదుగా!” అని హాలు దద్దరిల్లేలా అరిచాను.

హైమవతి గారికి కోపం రాలేదు. కలం తీశారు. “చాలా విలువైన సూచన. నాణ్యత కోణంలో మేమిది ఆలోచించనేలేదు. వెంటనే అమలు చేస్తాం,” అన్నారు.

చేశారు కూడా. థియేటరు గుమ్మం దగ్గర బల్ల వేసి, లోపలికెళ్ళే ప్రతి మనిషి ఉమ్మూ తీశారు. మత్తు డాక్టరుది పాజిటివ్. థియేటరు సహాయకుడి బుగ్గలో ఖైనీ దొరికింది. చక్రధర్ గారి వంతు వచ్చేసరికి చెవులు ఎర్రబడ్డాయి. “పెద్ద కేసులప్పుడు ఒకటీ అరా... మేడ మీద...” అని గొణిగాడు. త్రిలోచనరావు గారు రిబ్బను కత్తిరించడానికి వచ్చారు, ఆయనకీ తీశారు. అందరికంటే ఎక్కువ ఆయనకే. ఆయన ఏమాత్రం తడబడలేదు. “నేను పదకొండేళ్ళుగా గమ్ము మీద ఉన్నాను. ఇది మా విభాగపు విజయమునకు నిదర్శనము,” అన్నారు.

హైమవతి గారు లెక్క చూసుకున్నారు. ఆ గుమ్మం దగ్గర నికోటిన్ లేని మనిషి ఒక్కతే మిగిలింది. ఆకుపచ్చ గౌనులో చక్రాల కుర్చీలో కూర్చున్న మా పైడమ్మ.

పైడమ్మే అడిగింది. “అయితే నన్నెవలు కోస్తారు బాబూ? నానే కోసుకోవాలా?”

అత్యవసర సమావేశం పెట్టారు. నేను బయట బల్లమీద కూర్చుని తేల్చుకున్నాను, ఇంకో ఏడాది. సంఘం వేస్తారు, సంఘానికి ఉపసంఘం వేస్తారు, చక్రధర్ గారిని మధ్యలో కూర్చోబెట్టి సిగరెట్టు కాల్చి చూపించమంటారు. అప్పుడే లోపలికెళ్ళిన టీ కప్పులు ఇంకా బయటికి రాకముందే హైమవతి గారు నవ్వుతూ వచ్చేశారు. నిబంధన సవరించారట. ‘సంపూర్ణ నికోటిన్ రహితం’ కింద చిన్న అక్షరాలతో ఒక గీత చేర్చారు, ‘సిబ్బందికి వర్తించదు.’

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా ఫరవాలేదు. మా ఆవిడ చుట్ట దగ్గర ఏడాది వంగని నియమం, వాళ్ళ దగ్గరికొచ్చేసరికి టీ చల్లారేలోపు సాష్టాంగపడింది. పోనీలే, పని జరిగింది. కుర్చీ లోపలికి వెళుతోంటే పైడమ్మ వెనక్కి తిరిగి నన్ను చూసింది. నేను రెండడుగులు వేశాను. సెక్యూరిటీ ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. నేను సిబ్బందిని కాను కదా.

ఆపరేషన్ చక్కగా జరిగింది. చక్రధర్ గారి చెయ్యి మంచిది, ఆ మాట ఎక్కడైనా చెబుతాను. చిక్కల్లా ఇంటికి పంపడం దగ్గర వచ్చింది. కోలుకునే రోగిని నికోటిన్ ఉన్న ఇంటికి పంపకూడదట. మా ఇంట్లో ఉన్న నికోటిన్ అల్లా నేనే. నేను సున్నా అయ్యేదాకా ఆవిణ్ణి మూడో అంతస్తులో నికోటిన్ రహిత విశ్రాంతి వార్డులో ఉంచుతామన్నారు.

త్రిలోచనరావు గారి దగ్గరికి వెళ్ళాను. “నన్ను మాన్పించండి మహాప్రభో.”

“రోజుకెన్ని కాలుస్తారు?”

“ఒక్కటీ లేదండీ. గమ్మొక్కటే.”

“గమ్ము మానడానికి ఉపయోగించునది. మానడానికి ఉపయోగించునదానిని మానడానికి మా దగ్గర పథకం లేదు.” కాసేపు ఆలోచించి, గొంతు తగ్గించి, “మీ ఆవిడగారి పద్ధతిలో ఒకటి రెండు చుట్టలు అభ్యాసం చేసి రాగలిగితే, సంఘం ముందు పెట్టి, ధూమపాయిగా నమోదు చేసి...” అన్నారు. నా మేలు కోరే అన్నారు.

నాకు నేనే మానేస్తానంటే అది అనధికార విరమణ, చెల్లదు. చెల్లినా చెల్లకపోయినా మానేద్దామనే చూశాను. చేతకాలేదు. పొద్దున్న ప్రమాణం, సాయంత్రం మందుల షాపు. పైడమ్మ రెండుసార్లు చేసిన పని నాకు ఒక్కసారి కూడా చేతకాలేదు. అప్పుడు తెలిసింది, ఆ చింతగింజల వెనక ఆవిడెంత పడిందో. ఆ వారం ఆవిడ విసిరిన ఉప్పు డబ్బాకి నేను తిరిగి అరిచానని ఇప్పుడు మనసు చివుక్కుమంటుంది.

రోజూ క్యారేజీలో జావ పట్టుకెళ్ళేవాణ్ణి. గేటు దగ్గర తీసుకుని, క్యారేజీ పైన తుడిచి, నన్ను వదిలేసి దాన్ని లోపలికి పంపేవారు. పైడమ్మ మూడో అంతస్తు కిటికీలోంచి చెయ్యి ఊపేది. వారం వారానికీ కిటికీలో మనిషి సన్నబడుతోంది. మొదట కిటికీ నిండా ఉండేది. తరవాత తరవాత పక్కన కర్టెను కూడా కనబడ్డం మొదలెట్టింది.

నిన్న మధ్యాహ్నం కిటికీలో మనిషి లేదు. గేటు ఆయన్ని అడిగితే తెలీదన్నాడు. ఏం చెయ్యాలో తోచక రోడ్డు పక్కనే నిలబడ్డాను. ఇంతలో జేబులో ఫోను మోగింది.

“ఏటండీ, ఎక్కడున్నారు?”

“గేటు దగ్గరే. నువ్వు కనబడవేం? బాగానే ఉన్నావా?”

“పడుకున్నాను.”

నాకు వెంటనే బుర్రకెక్కలేదు.

“ఎల్లకిలా పడుకున్నానండీ. ఇందాకట్నుంచి. ఊపిరి ఆడతంది. ఆగలేదు,” అంది. గొంతు చిన్నపిల్లలా ఉంది. “ఫ్యాను అగుపడతంది. మూడేళ్ళయిపోనాది కదండీ, ఫ్యాన్ని కిందనుంచి సూసి. రెక్కల మీద ఎంత దుమ్మున్నాదో, ఈళ్ళు తుడవరు కావాల.”

ఎండలో బస్సులు పోతున్నాయి. నేను గోడకి ఆనుకున్నాను.

“ఏటండీ, ఏటీ మాటాడరు? నోట్లో ఏటున్నాది? ఆ పాడు గమ్మేనా?”

“ఊఁ,” అన్నాను. “గమ్మే.”

నోట్లో ఏమీ లేదు.